బడిపిల్లల కథలును టెలివిజను తెరయును

ఉన్నత పాఠశాలా జీవితమును గూర్చి నాటకములు కల్పించుట వట్టి కాలక్షేపమనియు, వానిని జూచినచో పిల్లలు చెడిపోవుదురనియు మన గృహస్థులలో ననేకులు తలంచుచున్నారు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో తేల్చుటకు మేము చరిత్రనే సాక్షిగా గైకొనుచున్నాము.

బడిపిల్లవానిని రంగమున నిలుపుట మనకు క్రొత్తగాదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'న వెంకటేశమను బాలుడు గలడు. పరీక్ష తప్పి, తండ్రికి జెప్ప జంకి, గిరీశమును వెంటబెట్టుకొని సెలవులకు స్వగ్రామము చేరును. ప్రేక్షకుడు వానిని జూచి నవ్వును. నవ్వుచునే ఆ చదువులోని డొల్లతనమును, ఆ యింటనే వాని చెల్లెలిని వృద్ధునకు విక్రయించు దురాచారమును గూడ గాంచును. సంస్కరణమున కిట్లు బడిపిల్లవాని కథయే వాకిలి తెరచినది.

పాశ్చాత్యదేశములలో నీ పనిని టెలివిజను చేపట్టినది. ఇంగ్లండున బి.బి.సి. వారు 1978లో ఆరంభించిన 'గ్రేంజ్ హిల్' అను ధారావాహిక 2008 వరకు నడచినది. ఫిల్ రెడ్మండుగారు దాని సృష్టికర్త. సామాన్య కుటుంబముల పిల్లలు చదువు బడియే దానికి రంగస్థలము. 1986లో హెరాయినునకు లోబడిన యొక విద్యార్థి కథను జూపి, ఆ నటబాలురే మత్తుమందులకు ప్రతికూలముగా ప్రచారము సలిపిరి. కెనడాలో 1987లో వెలువడిన 'డెగ్రాసీ జూనియర్ హై' కర్తలలో నొకరైన లిండా షైలర్ గారు పూర్వము ఉపాధ్యాయిని. బాలబాలికల పాత్రల నించుమించుగా ఆ వయస్సు వారికే యిచ్చి, బాలిక గర్భవతియగుట వంటి విషయములను సైతము దాచక చూపిరి. పెద్దలు పలుకుటకు సిగ్గుపడు మాటలను తెర పలికినది. పిల్లలు చెడుటకు మారుగా అడుగవలసిన ప్రశ్నలను నేర్చిరి.

మనదేశమున 1998 మొదలు 2001 వరకు హిందీలో 'హిప్ హిప్ హుర్రే' వచ్చినది. అందలిది నగరపు బడి. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లోను, తెలుగు ప్రైవేటు ఛానళ్లు 1995లోను పుట్టినను, మన ధారావాహికలు పెక్కులు అత్తాకోడండ్ర కలహములనే నమ్ముకొన్నవి. 2024లో ఆదిత్య హాసన్ గారి '#90స్' ఈటీవీ విన్ నందు వెలువడి, గణితోపాధ్యాయుని యింట ముగ్గురు పిల్లల మార్కుల భయమును, వారి చిన్న కోరికలను చూపినది. ఇది మంచి మొదలు.

అయినను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల బడిపిల్లల కథ యింకను తెరకెక్కవలసియే యున్నది. ఈ మూడును 2016 అక్టోబరు 11న జిల్లాలైనవి. వీని విద్యాచరిత్ర మాత్రము పాతది. నిజాము కాలమున ఇంట తెలుగు, పైచదువున ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో పైచదువు చెప్పిన కీర్తి బడసినది గాని, ఆ దేశభాష ఈ పల్లెల వారి తల్లిభాష గాదు. 1952లో ముల్కీ నియమమును మీరి స్థానికేతరులకు ఉద్యోగము లిచ్చుటపై మొదట గళమెత్తినవారిలో వరంగల్లు విద్యార్థులున్నారు. ఆ ఉద్యమము హైదరాబాదునకు ప్రాకి, సెప్టెంబరులో పోలీసు కాల్పులతో రక్తసిక్తమైనది. జనగామ ప్రాంతపు వావిలాలలో జనించిన నవీన్ గారు 1969లో వెలువడిన 'అంపశయ్య' నవలయందు, నగరపు హాస్టలులోని పల్లెటూరి విద్యార్థి మనోవేదనను ఒక్క దినపు కథగా చిత్రించిరి. నవలకు జిక్కిన యీ వస్తువు తెరకేల చిక్కరాదు?

నేడును వస్తువునకు కొరతలేదు. మహబూబాబాదు తండాలోని బాలిక ఇంట లంబాడీ, వీధిని తెలుగు, పుస్తకమున ఇంగ్లీషు నెదుర్కొనవలసియున్నది. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుని కొడుకును, అడవిపల్లె రైతు కొడుకును ఒకే బల్లపై గూర్చుందురు. జనగామ బాలుడు రైలెక్కి హైదరాబాదునకు బోవు కలను గనుచుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వారికి మాత్రమే ఉచిత నిర్బంధవిద్యను హక్కుగా నిచ్చినది. 2006నాటి చట్టము పదునెనిమిదేండ్లు నిండనిదే బాలికకు వివాహము కూడదన్నది. ఈ రెండు గీతల నడుమ నున్న నాలుగేండ్లలోనే ఉన్నత పాఠశాలలో పైతరగతుల కాలము వచ్చును. తొమ్మిదవ తరగతి బాలికను పత్తిచేనికో, పెండ్లిపీటకో పంపదలచిన యింట ఆమె పక్షమున బలముగా పలుకువా రెవరు? చట్టము సగము మౌనము వహించినచోట కథయే మాటాడవలెను. పుస్తకములు సర్దుకొన్న బిడ్డను వాకిట నిలిపి, ఆమె సంచిని లోపలి గదిలో పెట్టించు తండ్రిని తెరపై జూచిన మరియొక తండ్రి తన చేయి వెనుకకు దీసికొనవచ్చును.

కావున గృహస్థులారా! బడిపిల్లల కథలను నిషేధింపకుడు; మంచివానిని కోరుడు. అట్టివి వచ్చినపుడు పిల్లలతో గూడ కూర్చుండి చూడుడు, ముగిసినపిమ్మట వారిని మాటాడనిండు, మీరు వినుడు.