పాస్‌పోర్టు ఒకటి, సమాఖ్య ఒకటి: చదరంగ క్రీడాకారుల పౌరసత్వంపై ఒక పరిశీలన

1939 సెప్టెంబరు 1న జర్మనీ సేనలు పోలండ్‌లోకి చొరబడ్డాయి. అప్పటికి ఆ రెండు దేశాల చదరంగ జట్లూ బ్యూనస్ ఎయిర్స్‌లో ఎనిమిదో ఒలింపియాడ్ తుది పోటీలకు సిద్ధమవుతున్నాయి. ఇంగ్లండ్ జట్టు తుది పోటీలకు నిలవకుండా స్వదేశానికి ఓడెక్కింది. పోలండ్, ఫ్రాన్స్, పాలస్తీనా జట్లు జర్మనీతో ఆడాల్సిన పోటీలను ఆడకుండానే 2–2గా నమోదు చేశారు. చివరికి జర్మనీకి 36 పాయింట్లు, పోలండ్‌కు 35½ వచ్చాయి. ఆ అర పాయింటు తేడా వెనక జరగని ఆటలు కూడా ఉన్నాయి. ఫలితాల పట్టికను మాత్రమే చూసే చరిత్రకారులు ఈ సంగతి తరచు విస్మరిస్తారు.

క్రీడాకారుడికి మూడు వేర్వేరు బంధాలుంటాయి: రాజ్యం ఇచ్చే పౌరసత్వం, జాతీయ సమాఖ్యలో నమోదు, కాపురం ఉంటున్న చోటు. మొదటిది చట్టానికి, రెండోది ఆట నియమావళికి, మూడోది బతుకు అవసరాలకు సంబంధించినది. ఈ మూడింటినీ ఒకటిగా లెక్కగట్టినప్పుడల్లా నష్టపోయింది క్రీడాకారులేనని నా వాదన.

బ్యూనస్ ఎయిర్స్‌లోనే జరిగిన మహిళల ప్రపంచ పోటీ ఇందుకు మంచి ఆధారం. విజేత వేరా మెన్‌చిక్ మాస్కోలో పుట్టారు. తండ్రి చెక్ జాతీయుడు, తల్లి ఆంగ్లేయురాలు. ఇంగ్లండ్‌లో స్థిరపడినా చాలాకాలం చెకోస్లొవేకియా తరఫునే ఆడారు. 1937లో పెళ్లితో బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక, 1939లో ఇంగ్లండ్ పేరుతో ఆడారు. రెండో స్థానంలో నిలిచిన సోన్యా గ్రాఫ్ జర్మనీలో పుట్టినా నాజీ పాలనను వ్యతిరేకించారు. అందుకే ఆమె ఏ దేశానికీ చెందని జెండా కింద ఆడారు. జెండా ఏదైనా, లేకపోయినా, వారి ఆట స్థాయి మారలేదు.

యుద్ధం వల్ల పలువురు అర్జెంటీనాలోనే ఉండిపోయారు. పోలండ్ జట్టుతో వచ్చిన నైడార్ఫ్ 1944లో అక్కడి పౌరుడయ్యాడు. పోలండ్‌లో మిగిలిన ఆయన కుటుంబం నాజీల మారణహోమానికి బలైంది. 1943లో ఆయన బల్లలు చూడకుండా ఒకేసారి 40 మందితో ఆడాడు. ఆ వార్త పత్రికల ద్వారా ఎలాగైనా తనవాళ్లకు చేరుతుందన్న ఆశ ఆ ప్రదర్శన వెనక ఉంది. చదరంగ గ్రంథాలు దీన్ని రికార్డుగా మాత్రమే చెప్పి ముందుకు సాగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆస్ట్రియాలో పుట్టిన ఎలిస్కాసెస్ మొదట ఆస్ట్రియాకు, హిట్లర్ ఆ దేశాన్ని కలుపుకున్నాక జర్మనీకి, తర్వాత అర్జెంటీనాకు ఆడాడు. 1950, 1952, 1954 ఒలింపియాడ్‌లలో అర్జెంటీనా వరుసగా రెండో స్థానంలో నిలవడానికి ఈ వలస ఒక ముఖ్య కారణం.

1976లో సోవియట్ యూనియన్‌ను వీడిన కోర్చ్‌నోయ్ కథ వేరు. 1978లో బాగియోలో కార్పోవ్‌తో ప్రపంచ పోటీకి వచ్చినప్పుడు ఆయన స్విట్జర్లాండ్ నివాసి, ఆ దేశ పౌరుడు కాడు. బల్ల మీద స్విస్ జెండా ఉంచడానికి సోవియట్ పక్షం ఒప్పుకోలేదు. అదే ఏడాది ఒలింపియాడ్‌లో ఆయన స్విట్జర్లాండ్ జట్టుకే ఆడాడు. పౌరుడు కాడని ఒకచోట అడ్డుపడిన జెండా, నివాసాన్ని గుర్తించిన మరోచోట ఆయనదైంది.

నివాసాన్ని పౌరసత్వంతో కలిపి చూసిన పొరపాటు మన హైదరాబాద్‌లోనూ జరిగింది. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ సందర్భంగా హైదరాబాద్ విశ్వవిద్యాలయం విశ్వనాథన్ ఆనంద్‌కు గౌరవ డాక్టరేటు ఇవ్వాలనుకుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి ఫైలు కేంద్ర మానవ వనరుల శాఖకు వెళ్లింది. ఆయన స్పెయిన్‌లో ఇల్లు పెట్టుకున్నందున భారత పౌరుడేనా అన్న సందేహం అక్కడ లేచింది. అప్పటికే పద్మవిభూషణుడు, ప్రపంచ విజేత, భారత పాస్‌పోర్టు ఉన్నవాడు. కేంద్రమంత్రి కపిల్ సిబల్ క్షమాపణ చెప్పారు. ఆ సభలో ఆనంద్ గణితవేత్తలతో ఏకకాలంలో 40 బల్లల మీద ఆడారు గానీ, పట్టా మాత్రం అందుకోలేదు. పౌరసత్వాన్ని సరిచూసుకోవడం అధికారుల విధే. కానీ విదేశంలో ఇల్లుంటేనే అనుమానించాలనుకోవడం చట్టానికి పొసగదు. భారత పౌరసత్వ చట్టం ప్రకారం మరో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది. అక్కడ కాపురం ఉన్నంత మాత్రాన పోదు. గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ ప్రాగ్‌లో ఉంటూ భారత్‌కే ఆడుతున్నాడు, 2024లో బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

అంతర్జాతీయ సమాఖ్య ఫిడే నియమాలు ఈ విషయంలో ఉదారమైనవి. పౌరసత్వంతో పాటు నివాసాన్ని కూడా నమోదుకు ఆధారంగా ఒప్పుకుంటాయి. సమాఖ్య మారాలంటే రుసుము, పాత సమాఖ్యకు పరిహారం వంటి షరతులుంటాయి. వెస్లీ సో 2014లో ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా సమాఖ్యకు మారాడు. అమెరికా పౌరసత్వం మాత్రం ఆయనకు 2021లో గానీ రాలేదు.

లోటు ఉన్నదల్లా జట్టు పోటీల్లోనే. 2019లో ఇరాన్ తన క్రీడాకారులను మాస్కో ప్రపంచ ర్యాపిడ్ పోటీకి పంపనంది. అలీరెజా ఫిరూజా ఫిడే జెండా కింద ఆడి రెండో స్థానం సాధించాడు. 2021లో ఫ్రెంచి పౌరుడయ్యేదాకా వ్యక్తిగత పోటీల్లో ఆ జెండాతో నెట్టుకొచ్చాడు. కానీ ఒలింపియాడ్‌కు జట్టు కావాలి, ఫిడే జెండా కింద ఉన్న ఒంటరి క్రీడాకారుడికి జట్టు ఎక్కడిది? 2022లో మాస్కోలో జరగాల్సిన ఒలింపియాడ్ యుద్ధం కారణంగా చెన్నైకి మారినప్పుడు, రష్యా, బెలారస్ జట్లకు ప్రవేశం లేకపోయింది. యుద్ధాన్ని బహిరంగంగా ఖండించిన రష్యన్ క్రీడాకారులకు కూడా ఆ ఒలింపియాడ్‌లో ఆడాలంటే సమాఖ్య మార్చుకోవడం తప్ప దారి లేదు.

దీనికి పరిష్కారం నియమావళికి కొత్తేమీ కాదు. అంధులు, బధిరులు, శారీరక వికలాంగుల అంతర్జాతీయ సంఘాలు ఏ దేశ జెండా లేకుండానే తమ జట్లను ఒలింపియాడ్‌లో ఆడిస్తున్నాయి. శరణార్థులకు, స్వదేశ సమాఖ్యతో తెగదెంపులు చేసుకున్నవారికి అటువంటి జట్టే శాశ్వత ప్రాతిపదికన ఉండాలి. అందులో చేరేందుకు స్వదేశ సమాఖ్య అనుమతి అడగకూడదు.