మాంసకృత్తుల చరిత్ర: ఎవరి ఆకలికి ఎవరి మందు?

పశుపోషణ భూగోళాన్ని వేడెక్కిస్తోందని, కనుక కర్మాగారాల్లో పెంచిన శిలీంధ్రాలనూ, కణాలనుంచి తయారైన మాంసాన్నీ తినడం అలవాటు చేసుకోవాలని ఈనాడు గట్టి వాదం వినిపిస్తోంది. అందులో నిజం లేకపోలేదు. మానవ కార్యకలాపాలనుంచి వెలువడే హరితగృహ వాయువుల్లో దాదాపు 12 శాతం పశుపోషణదేనని ఆహార వ్యవసాయ సంస్థ 2023లో లెక్కకట్టింది. అయితే మాంసకృత్తులకు ప్రత్యామ్నాయం వెదకడం ఇదే మొదటిసారి కాదు. పాత ప్రయత్నాల గతి తెలియకుండా కొత్తవాటి విలువ కట్టలేమని నా అభిప్రాయం.

మైసూరులో 1950లో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయం నూనె తీసిన వేరుశెనగ పిండి మూడు పాళ్లు, వేయించిన శెనగల పిండి ఒక పాలు కలిపి, విటమినులు చేర్చి "బహుళార్థక ఆహారం" తయారుచేసింది. ఉద్దేశం ఉదాత్తమైనదే. కాని అది పేదవాని నిత్యాహారం కాలేదు.

ఐరోపాలో ఈ పని చమురు కంపెనీల చేతిలో పడింది. ఫ్రాన్సులోని లావెరాలో బ్రిటిష్ పెట్రోలియం సంస్థ శాస్త్రజ్ఞుడు షాంపాన్యా పెట్రోలియం మైనంపై ఈస్టును పెంచాడు. మాంసకృత్తుల సంక్షోభం ముంచుకొస్తోందని 1968లో ఐక్యరాజ్యసమితి నివేదిక హెచ్చరించింది. ఆకలిగొన్న ప్రపంచం పేరు చెప్పి తయారుచేసిన ఆ ఈస్టు చివరికి చేరింది ఐరోపా పశువుల దాణాలోకి! 1973లో చమురు ధర పెరగగానే లాభాల లెక్క తారుమారైంది. సార్డీనియాలో కట్టిన పెద్ద కర్మాగారం నిలదొక్కుకోకుండానే మూతపడింది.

ఇంతకూ సంక్షోభం ఉన్నదెక్కడ? 1958లో కూనూరునుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు మన పేద పిల్లల తిండిని పరిశీలించారు. వారికి ముఖ్యంగా కొరవడింది మాంసకృత్తులు కావు, మొత్తం తిండే. తినే అన్నం, పప్పు కడుపునిండా దొరికితే మాంసకృత్తుల అవసరం చాలావరకు తీరుతుందని తేల్చారు. 1974లో మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఆ "సంక్షోభం" కథనే దుయ్యబట్టాడు. కూలి, భూమి అనే ప్రశ్నలకు మాంసకృత్తులని మారుపేరు పెట్టారన్నమాట.

ఈలోగా మన ప్రత్యామ్నాయాన్ని మనమే పొలంనుంచి వెళ్లగొట్టాం. 1951లో దేశంలో తలకు రోజుకు సుమారు 60 గ్రాముల పప్పుధాన్యాలు లభించేవి. 2001 నాటికి 30 గ్రాములే. హరిత విప్లవం నీటినీ, మద్దతు ధరనూ గోధుమకు, వరికి కట్టబెట్టి, కందినీ పెసరనూ మెట్టచేలకు నెట్టింది. కంది తన వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని గ్రహిస్తుంది. దానికి నత్రజని ఎరువు అవసరం స్వల్పం. వాతావరణానికి మేలుచేసే పంటకు ఇంతకన్న ఏం కావాలి?

నేను విజ్ఞానాన్ని వ్యతిరేకించడం లేదు. 1985లో బ్రిటన్ దుకాణాలకు వచ్చిన శిలీంధ్రాహారం, 2013లో లండనులో వండి చూపిన కణమాంసం గొప్ప విజయాలే. మితిమీరి మాంసం తినే సంపన్న దేశాలకు అవి అవసరం కూడా. కాని ఆ విద్య పేటెంట్ల పెట్టెలో ఉన్నంతకాలం అది మరొక సరుకు మాత్రమే. వాతావరణం పేరుతో దళిత కూలీ పళ్లెంలోని గొడ్డుమాంసంపై నిషేధం విధించేవారికి అది ఆయుధం కారాదు.

ఏ కొత్త ఆహారం వచ్చినా మనం అడగవలసిన ప్రశ్నలు రెండు: దాన్ని తయారుచేసే సాధనాలు ఎవరివి? తినవలసినవానికి కొనే శక్తి ఉందా?