మూడు గంటల వ్యవధి

ఖరగ్‌పూరు జంక్షను నుండి బాలేశ్వరము మీదుగా కటకమునకును పూరీకిని సాగు రైలుదారికి చేరువగా, హిజ్లీ ఐ.ఐ.టి.కి దాపున నున్న పూరీ గేటు చూపునకు సామాన్యమైన రైల్వే పేటయే. కాని ఇంటి యజమాని ఇంటనుండుట, ఉండకుండుట తన చేతిలో లేని వృత్తులు రెండు, రైల్వే యొకటి, సైన్యమొకటి, దశాబ్దములుగా ఇరుగుపొరుగున కాపురము చేయుచున్న చోటు అది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము వైపు నుండి తరలివచ్చి ఈ పట్టణపు వర్కుషాపులోను, లోకోషెడ్డులోను కుదురుకొనిన తెలుగువారి యిండ్లలో, డ్రైవరుగానో ఫైర్‌మన్‌గానో గార్డుగానో లైనుకు పోయిన భర్త ఎక్కడి స్టేషనులోనో రన్నింగ్ రూములో వండుకొని తిని, అక్కడనే కన్నుమూసి తెరచి, మఱునాటికో ఆ పై నాటికో ఇల్లు చేరుట నిత్యకృత్యము. ఇక సైన్యమందురా, 1944లో అమెరికా వైమానిక దళమునకు చెందిన 20వ బాంబర్ కమాండు హిజ్లీలో తన ముఖ్యస్థానమును నెలకొల్పుకొని, ఖరగ్‌పూరు, చాకులియా, దూధ్‌కుండి, పియార్‌డోబా రన్‌వేల మీది నుండి ఆ యేడు జూన్ 5వ తేదీన బాంకాకు నగరముపైకి తన బి-29 విమానములను తొలిసారి దాడికి పంపెను. నేటికిని కలైకుండలో వైమానిక దళ స్థావరమును, సలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్సు పటాలమును ఉన్నవి.

వృత్తిధర్మమే భార్యాభర్తలను ఎడబాపు ఇటువంటి ఊళ్లలో అసూయ, అనుమానము అనునవి కథలలోని మాటలు కావు. గోడకు ఆవలివారు చెవియొగ్గు మాటలవి. ఒక్కొక్క యింట అన్నము సయించకుండ జేసిన మాటలవి. అయినను ఈ విషయమున భారతదేశమంతయు నోరు తెరచి వినిన వ్యాజ్యము బొంబాయిలో పుట్టినది. దానిలో నిందితుడు నౌకాదళాధికారి. దానికి తుది తీర్పు వ్రాసిన చేయి మాత్రము రాజమహేంద్రవరమునందు పుట్టి పెరిగిన తెలుగువాని చేయి. ఆ తీర్పును మనవారు తగినంతగా చదువలేదని నాకు చిరకాలముగా ఉన్న బాధయే ఈ వ్యాసమునకు కారణము.

కమాండర్ కావస్ మానెక్‌షా నానావతి పార్శీ కుటుంబీకుడు, ఐ.ఎన్.ఎస్. మైసూరు అను యుద్ధనౌకలో రెండవ స్థానమందలి అధికారి. 1949లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రిజిస్ట్రారు కార్యాలయమున సిల్వియా అను ఆంగ్ల యువతిని పెండ్లాడెను. వారికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఉద్యోగరీత్యా ఊరూరు తిరిగి తుదకు బొంబాయిలో స్థిరపడిన ఆ దంపతులకు 1956లో ఉభయుల స్నేహితులైన యొక కుటుంబము ప్రేమ్ ఆహుజా అను మోటారుకార్ల వ్యాపారిని, అతని సోదరి మామీని పరిచయము చేసెను. ఆహుజా అవివాహితుడు. నౌక సముద్రముపై నున్న దినములలో పరిచయము స్నేహమై, స్నేహము రహస్యప్రణయమయ్యెను.

1959 ఏప్రిల్ 18వ తేదీన సముద్రయానము ముగించి ఇంటికి వచ్చిన భర్తకు భార్య ధోరణిలో ఏదియో మార్పు తోచినది; కారణమడిగిన ఆమె దాటవేసినది. 27వ తేదీ ఉదయమున ఆ దంపతులు జబ్బుపడిన కుక్కను పరేలునందలి పశువైద్యశాలకు తీసికొనిపోయిరి. మధ్యాహ్నపు ఆటకు సినిమా టికెట్లు కొనిరి. బజారు పని చూచుకొని ఇల్లు చేరి భోజనము చేసిరి. వ్యాజ్యపు కాగితములలో నన్ను మిక్కిలి కలచివేయునది ఈ ఉదయమే. ఘోరము జరుగబోవు దినమని ఎట్టి సూచనయు లేదు. ప్రతి యింట జరుగునట్టి పనులే ఆ యింటను జరుగుచుండెను. భోజనానంతరము భర్త ఆప్యాయముగా భుజముపై చేయి వేయగా ఆమె బిగుసుకొనిపోయెను. ఆహుజా పేరెత్తి అతడు సూటిగా అడుగగా, ఆమె కాదనలేదు.

తన్ను తాను కాల్చుకొందునని భర్త అనగా, ఏ తప్పు చేయని నీవేల కాల్చుకొనవలెనని ఆమె వారించెను. పిమ్మట అతడు భార్యను, పిల్లలలో ఇద్దరిని, పొరుగింటి బిడ్డను కారులో తీసికొనిపోయి సినిమాహాలు నొద్ద దింపి, ఆరు గంటలకు వచ్చి తీసికొనిపోదునని చెప్పి, నేరుగా తన నౌకకు పోయెను. రాత్రివేళ ఒంటరిగా అహ్మద్‌నగరునకు కారులో పోవలసియున్నదని చెప్పి నౌకా భాండారము నుండి ఒక రివాల్వరును, ఆరు తూటాలను తీసికొని, దానిని గోధుమరంగు కవరులో పెట్టుకొని, మొదట ఆహుజా దుకాణమునకును, అచట అతడు లేకపోవుటచే సెతల్వాడు రోడ్డునందలి జీవన్ జ్యోత్ అను భవనములోని అతని నివాసమునకును పోయెను. అప్పుడు వేళ సాయంకాలము నాలుగు గంటల ఇరువది నిమిషములు. పడకగదిలోనికి పోయి తలుపు మూసెను. మూడు గుండ్లు పేలినవి. ఆహుజా ఱొమ్మునకును, ఎడమచేతికిని, తలకును గాయములు. కమాండరు బయటికి వచ్చి, నౌకాదళపు ప్రోవోస్టు మార్షలు సలహాపై పోలీసు డెప్యూటీ కమిషనరు లోబో ఎదుటికి తానై పోయి లొంగిపోయెను.

చంపినవాడెవడను ప్రశ్న ఈ వ్యాజ్యమున ఎన్నడును లేదు. ఆ తలుపు వెనుక ఏమి జరిగినదనునదే రహస్యము. ఇద్దరున్న గదిలో ఒకడే బ్రదికెను. ఆ బ్రదికినవాడు చెప్పిన కథ ఇది: సిల్వియాను పెండ్లాడి పిల్లలను చూచుకొందువా యని తాను అడుగగా, తనతో శయనించిన ప్రతి స్త్రీని పెండ్లాడవలెనా యని ఆహుజా ఎదురడిగెననియు, తాను కవరును పక్కనుంచి కలియబడబోగా ఆహుజా దానికై చేయి చాచెననియు, పెనుగులాటలో గుండ్లు వాటంతటవే పేలినవనియు. ఈ కథకు అడ్డువచ్చినది ఒక తువ్వాలు. అప్పుడే స్నానము చేసి వచ్చిన ఆహుజా నడుమునకు చుట్టుకొనిన తువ్వాలు, అతడు నేలపై పడియున్నప్పుడును జారక, వదులుగాక, చుట్టుకొనినది చుట్టుకొనినట్లే యుండెను. ఇద్దరు దృఢకాయులు ప్రాణములకు తెగించి పెనుగులాడిన తావున తువ్వాలు చెదరకుండునా యని ప్రాసిక్యూషను వారడిగిరి. ఆ ప్రశ్న చిన్నదే. దానికి సరియైన సమాధానము మాత్రము ఎవరును ఈయలేదు.

బొంబాయి సెషన్సు కోర్టులో న్యాయాధిపతి ఆర్. బి. మెహతా ఎదుట తొమ్మండుగురు జూరీ సభ్యులు కూర్చుండి వ్యాజ్యము వినిరి. కార్ల్ ఖండాలావాలా ముద్దాయి పక్షమున వాదించెను. శ్వేతవస్త్రములతో, బంగారు గుండీలతో, పతకములతో నౌకాదళపు దుస్తులలో నిలిచిన నానావతిని చూచుటకు జనము విరగబడిరి. ఆర్. కె. కరంజియా నడుపు 'బ్లిట్జ్' వారపత్రిక అతని పక్షమున వారము వారము గొంతెత్తెను. వీథులలో నానావతి రివాల్వరులని బొమ్మ తుపాకులను, ఆహుజా తువ్వాళ్లని తువ్వాళ్లను అమ్మిరి. చచ్చినవానిపై జాలి చూపుటయే సంఘమర్యాదకు విరుద్ధమన్నంతగా గాలి వీచెను. సభ్యులలో ఎనమండుగురు నిర్దోషి యనిరి, ఒక్కడు కాదనెను. ఆ యొక్కని పట్ల నాకు గౌరవము కలదు. ఊరంతయు ఒకవైపు నిలిచినప్పుడు తువ్వాలును చూచి మాటాడుటకు గుండె కావలెను.

ఆ నిర్ణయము వివేకవంతులెవరును ఈయదగినది కాదని మెహతా దానిని అంగీకరింపక, క్రిమినల్ ప్రొసీజరు కోడు 307వ సెక్షను ననుసరించి హైకోర్టునకు నివేదించెను. జస్టిస్ షెలత్, జస్టిస్ నాయక్ 1960 మార్చి 11న హత్యానేరము రుజువైనదని యావజ్జీవ శిక్ష విధించిరి. సర్కారు పక్షమున అచట వాదించినవారిలో వై. వి. చంద్రచూడు ఒకరు. అదే దినమున బొంబాయి గవర్నరు శ్రీప్రకాశ ఆ శిక్షను నిలిపివేసి, సుప్రీంకోర్టు అప్పీలు తేలువఱకును నానావతి నౌకాదళ నిర్బంధముననే యుండవలెనని ఉత్తరువు చేసెను. ఇతర ఖైదీ ఎవనికైన ఈ సౌలభ్యము లభించెడిదా? న్యాయస్థానమునకును గవర్నరునకును నడుమ అధికారపు హద్దు ఎక్కడ అనునదే పెద్ద ప్రశ్నయై, 1960 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనము, అప్పీలు తన యెదుట నున్నంతకాలము గవర్నరు ఉత్తరువు చెల్లదని అధికసంఖ్యాకుల తీర్పు చెప్పెను.

అసలు అప్పీలును విన్నవారు ఎస్. కె. దాస్, కోకా సుబ్బారావు, రఘువర్ దయాళ్‌గారలు. 1961 నవంబరు 24న తీర్పు చెప్పినవారు సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసు హైకోర్టు న్యాయమూర్తియై, ఆంధ్ర రాష్ట్రమునకు 1954లో గుంటూరున హైకోర్టు వెలసినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో ఢిల్లీ చేరినవారాయన. తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైరి. మన వారు ఆయన పేరు చెప్పినంతనే 1967 నాటి గోలక్‌నాథ్ రాజ్యాంగ వ్యాజ్యపు తీర్పును తలచుకొందురు. నానావతి తీర్పులో ఆయన మనస్సు పనిచేసిన తీరు నాకు అంతకన్న సన్నిహితముగా తోచును; అచట రాజ్యాంగసూత్రములు కావు, ఒక మనుష్యుని క్రోధము ఆయన యెదుట నున్నది.

నాడు అమలునందుండిన భారత శిక్షాస్మృతి 300వ సెక్షనులోని మొదటి మినహాయింపు ప్రకారము, తీవ్రమును ఆకస్మికమును అయిన ప్రేరేపణచే నిగ్రహము కోల్పోయి చంపినవానిది హత్య కాదు, అంతకు తక్కువ నేరము. సుబ్బారావుగారు ఈ మినహాయింపును కుదింపలేదు. ముద్దాయి యే సంఘములోనివాడో ఆ సంఘమునకు చెందిన వివేకియగు మనుష్యుడు అదే స్థితిలో నిగ్రహము కోల్పోవునా యని చూడవలెననియు, చేతలే కాక మాటలు, సంజ్ఞలు కూడ ఒకానొకప్పుడు ప్రేరేపణ కావచ్చుననియు, పూర్వము జరిగిన సంగతులచే మనస్సు ఎట్టి స్థితికి వచ్చియుండెనో గణింపవలెననియు ఉదారముగనే చెప్పిరి. భార్య నోట ఆ మాట విన్న క్షణమున నానావతి నిగ్రహము తప్పియుండవచ్చునని కూడ ఒప్పుకొనిరి. పిదప గడియారమును చూచిరి. అతడు ఇల్లు వెడలినది ఒంటిగంటన్నరకు; గుండు పేలినది నాలుగు గంటల ఇరువదికి. ఇంచుమించు మూడు గంటలు. ఆ నడుమ భార్యాబిడ్డలను సినిమాకు చేర్చినాడు, నౌకలో నమ్మదగిన సాకు చెప్పినాడు, ఆయుధము పొందినాడు, ఒకచోట లేనివానిని మఱియొకచోట వెదకినాడు. ఇది ఉద్రేకముచే కన్నుగానని వాని నడక కాదు, ఆలోచించుకొని అడుగు వేసినవాని నడక. ప్రాణము తీసిన దెబ్బ ప్రేరేపణ నుండి పుట్టిన ఆవేశపు దెబ్బయే కావలెను గాని, కాలము గడచి ఆవేశము చల్లారి, ముందుచూపునకును సన్నాహమునకును ఎడమేర్పడిన తరువాతి దెబ్బ కాకూడదని ఆయన నిర్ణయించిరి. అప్పీలు కొట్టివేయబడెను. ప్రేరేపణను గూర్చి నేటికిని మన న్యాయస్థానములు మొదట తిరుగవేయునది ఈ తీర్పునే.

జనము నానావతిని అతని దుస్తులను బట్టి తూచెను. సుబ్బారావుగారు సమయమును బట్టి తూచిరి. రైలు పట్టణములలో పెరిగినవారికి ఈ తూనిక వెంటనే బోధపడవలెను. ఇంటికి దూరమై బ్రదుకు పురుషుని దుఃఖము దుఃఖమే. పరాయి స్టేషనులో ఒంటరిగా పండుకొనువాని గుండెలోను అదే నిప్పు రగులవచ్చును. ఐనను ఖరగ్‌పూరు ఫైర్‌మన్ ఎవడైన ఇదే పని చేసియున్నచో, ఏ పత్రిక అతనికై ఉద్యమించెడిది, ఏ గవర్నరు ఆ దినముననే ఉత్తరువు సంతకము చేసెడివాడు?

ఈ వ్యాజ్యముతోడనే జూరీ పద్ధతి అంతరించెనని లోకవాడుక. అది పూర్తిగా నిజము కాదు. 1958లోనే లా కమిషను తన 14వ నివేదికలో జూరీని ఎత్తివేయవలెనని సిఫారసు చేసియుండెను. కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడు 1974 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినప్పుడు దానిలో జూరీకి చోటు లేదు. నానావతి జూరీ ఆ వాదమునకు బలము చేకూర్చెననుట మాత్రము యథార్థము.

1964లో మహారాష్ట్ర గవర్నరు విజయలక్ష్మీ పండిట్ అతనికి క్షమాభిక్ష నొసగెను. దానికి ముందు మామీ ఆహుజా అంగీకారమును లిఖితపూర్వకముగా తీసికొనిరి. సోదరుని రక్తపు మడుగులో చూచి కోర్టులో నిలిచి సాక్ష్యమిచ్చినది ఆమె. తుదకు క్షమకును ఆమెయే సంతకము చేయవలసివచ్చెను. 1968లో నానావతి కుటుంబము కెనడాకు తరలిపోయెను. అతడు 2003లో మరణించెను. సిల్వియా తుదివఱకును అతనితోడనే కాపురముండెను. సూటిగా అడిగిన దినముననే నిజము దాచక చెప్పిన ఆ స్త్రీని నాటి పత్రికలు మోసపోయిన అబలగానో, ఇల్లు చెఱచినదానిగానో చిత్రించినవి గాని, ఒక మనిషిగా చూచుట అరుదు.

నాటి చట్టము చూపును అంతకన్న మేలు కాదు. శిక్షాస్మృతి 497వ సెక్షను ప్రకారము పరభార్యా సంగమము పురుషుని నేరమై యుండెను. ఫిర్యాదు చేయు హక్కు భర్తదై యుండెను. స్త్రీకి నేరస్థురాలి స్థానము సైతము లేకుండెను, అనగా ఆమె యొకరి సొత్తుగా నుండెను. 1985లో ఆ సెక్షను చెల్లునని తీర్పు వ్రాసినది ప్రధాన న్యాయమూర్తి వై. వి. చంద్రచూడు, నానావతికి ప్రతిపక్షమున హైకోర్టులో నిలిచినవారే. 2018 సెప్టెంబరు 27న దానిని కొట్టివేసిన అయిదుగురిలో ఒకరు ఆయన కుమారులు డి. వై. చంద్రచూడు. అంతట రక్షణ మంత్రిత్వశాఖ, నెలల తరబడి సరిహద్దులలో నుండు జవానులకు ఇంటి దిగులు పెరుగుననియు, క్రమశిక్షణ చెడుననియు సుప్రీంకోర్టునకు మొఱపెట్టుకొనెను. సైనిక, నౌకా, వైమానిక చట్టముల క్రింద అట్టి ప్రవర్తనపై చర్య తీసికొనుటకు 2018 తీర్పు అడ్డురాదని 2023 జనవరి 31న జస్టిస్ కె. ఎం. జోసెఫ్ అధ్యక్షతన రాజ్యాంగ ధర్మాసనము స్పష్టము చేసెను.