ఓరుగల్లును మరల నిలిపిన కాపయ నాయకుడు

కామాఠిపుర గల్లీలలో, వర్లీ చాళ్ళలో పెరిగి తెలుగు బడిలో చదువుకొన్న పిల్లలకు రాబర్ట్ బ్రూస్ కథ కొత్తది కాదు. ఓటమి పాలై గుహలో తలదాచుకొన్న స్కాట్లండు రాజు, పలుమార్లు జారిపడినా పట్టు విడువక గూడు అల్లుకొన్న సాలెపురుగును చూచి మరల కత్తి పట్టాడని ఆ కథ. బ్రూస్ మరణించిన అయిదు వందల ఏండ్లకు, 1828లో, సర్ వాల్టర్ స్కాట్ రచన ద్వారా ఆ కథ లోకప్రసిద్ధమైనది. సాలెపురుగు మాట ఎట్లున్నా, బ్రూస్ సాధించిన విజయం చారిత్రక సత్యం. 1306లో సింహాసనమెక్కిన అతడు 1314లో బానక్‌బర్న్ వద్ద ఇంగ్లండు సేనను ఓడించాడు. 1328 సంధితో తన దేశ స్వాతంత్ర్యాన్ని శత్రువు చేతనే అంగీకరింపజేసి, మరుసటి ఏడు కన్నుమూశాడు.

సరిగా ఆ దశాబ్దాలలోనే తెలుగు నేలపై కూడ అటువంటి పోరాటమొకటి జరిగింది. ఆ వీరుని పేరు మాత్రం చాలామంది తెలుగు పిల్లలు వినలేదు. అతడే ముసునూరి కాపయ నాయకుడు.

కాకతీయ సామ్రాజ్య పతనం

ఢిల్లీ సుల్తానుల సేనలు 1303 నుండి ఓరుగల్లుపై పలుమార్లు దండెత్తాయి. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడికి తాళలేక ప్రతాపరుద్రుడు కప్పం చెల్లించడానికి ఒప్పుకొన్నాడు. తరువాత ఘియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాన్ వచ్చి కోటను చుట్టుముట్టాడు. ఢిల్లీ నుండి తపాలా నిలిచిపోగా, సుల్తాను మరణించాడన్న వదంతి శిబిరంలో వ్యాపించి ఆ ముట్టడి చెదిరిపోయింది. కాని ఉలుగ్ ఖాన్ కొత్త సేనతో తిరిగివచ్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని విలస తామ్రశాసనం చెబుతున్నది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది.

ఆనాటి ప్రజల దుఃస్థితిని ఆ శాసనమే వర్ణించింది. రైతు పండించిన పంట రైతుకు దక్కలేదు. ధనవంతులు చిత్రహింసలకు గురైనారు. దేవాలయాలు కూలాయి, అగ్రహారాలు చేతులు మారాయి. శాసన కవుల మాటలలో అతిశయోక్తి సహజమే. అయినా ఒక రాజ్యం కూలినప్పుడు ఆ బరువు సామాన్యుని నెత్తిన ఎట్లు పడుతుందో ఆ శ్లోకాలు తెలుపుతాయి.

స్వాతంత్ర్య సమరం

ఈ స్థితిలో ముసునూరి ప్రోలయ నాయకుడు తీరాంధ్రంలోని నాయకులను ఒక్కతాటిపైకి తెచ్చి, గోదావరి తీరపు అడవుల నడుమ రేకపల్లిని రాజధానిగా చేసుకొని పాలించాడు. పోయిన అగ్రహారాలను మరల ఇచ్చాడు. రైతులు తమంత తాముగా పంటలో భాగం తెచ్చి అతనికి సమర్పించారని విలస శాసనం చెప్పడం గమనింపదగినది. కత్తితో గెలిచిన నేల కన్న ప్రజల ఇష్టంతో నిలిచిన నేల గట్టిది.

ప్రోలయ అనంతరం అతని పినతండ్రి కుమారుడైన కాపయ నాయకుడు నాయకత్వం వహించాడు. అప్పటికి కాలం కూడ కలసివచ్చింది. ఉలుగ్ ఖానే మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ నేలుతున్నాడు. మధురలో చెలరేగిన తిరుగుబాటును అణచడానికి బయలుదేరిన అతని సేన ఓరుగల్లు చేరేసరికి అంటువ్యాధి పాలైంది. సుల్తాను కూడ జబ్బుపడి వెనుదిరిగాడు. ఉత్తరాన కరవు తాండవించింది. సుమారు 1336లో కాపయ ఓరుగల్లుపై పడగా, అక్కడి అధికారి మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడు. ఈ మక్బూల్ పుట్టుకతో తెలుగువాడు. తరువాత ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ప్రధానమంత్రి అయినాడు. కాపయ 'ఆంధ్రదేశాధీశ్వర', 'ఆంధ్రసురత్రాణ' బిరుదులు ధరించి ఓరుగల్లు నుండి ఏలాడు.

ఈ పోరును కేవలం మతాల మధ్య పోరుగా చూడడం సరికాదు. ఢిల్లీపై తిరుగుబాటు చేసి 1347లో బహమనీ రాజ్యాన్ని స్థాపించిన అలావుద్దీన్ హసన్‌కు కాపయ సాయపడినట్లు ఫెరిష్తా వ్రాశాడు. దూరాన ఉన్న ఢిల్లీ పెత్తనం తొలగడమే ఇరువురికీ కావలసినది.

విజయం నిలువని కారణం

ఆ స్నేహం ఎంతో కాలం నిలువలేదు. బహమనీ సేనలకు కాపయ తొలుత కౌలాస్‌ను, తరువాత గోలకొండను వదలుకోవలసి వచ్చింది. కుమారుడు వినాయకదేవుడు ఆ పోరులో బలియైనాడు. ప్రసిద్ధమైన ఫిరోజా సింహాసనం కూడ గుల్బర్గాకు తరలిపోయింది. తుదకు సుమారు 1368లో భీమవరం వద్ద రేచర్ల అనపోత నాయకునితో జరిగిన యుద్ధంలో కాపయ నేలకొరిగాడు. ఢిల్లీని ఎదిరించి నిలిచిన వీరుడు తెలుగు నాయకుని చేతిలోనే మరణించాడు.

1423లో అనితల్లి వేయించిన కలువచేరు శాసనం కాపయను డెబ్బది అయిదుగురు నాయకులు కొలిచినారని చెబుతూ, అతడు గతించిన పిమ్మట వారందరూ ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళి ఎవరికి వారే ఏలుకొన్నారని ముగిస్తుంది. ఆ శోకగాథ అంతయు ఆ ఒక్క మాటలో ఉన్నది. బ్రూస్ గెలిచిన రాజ్యం అతని వారసులకు నిలిచింది. కాపయ గెలిచినది అతనితోనే చెదిరింది.

జ్ఞాపకం

బ్రూస్‌కు జాన్ బార్బర్ అనే కవి దొరికాడు. అతడు 1375 ప్రాంతంలో స్వదేశ భాషలో బ్రూస్ కావ్యం చెప్పాడు. కాపయకు మిగిలినవి రాగిరేకులు. విలస, ప్రోలవరం, కలువచేరు శాసనాలే అతని చరిత్రను కాపాడాయి. మల్లంపల్లి సోమశేఖరశర్మ 1945లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథానికి 'ఆంధ్ర చరిత్రలో మరచిపోయిన అధ్యాయం' అని అర్థం వచ్చే పేరే పెట్టాడు.

పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుండి తెలంగాణ పల్లెల వారు బొంబాయికి వలస వచ్చి, రోడ్లు వేసి, భవనాలు కట్టి, మిల్లులలో పనిచేశారు. కామాఠిపుర పేరు ఆ కామాఠీల పేరే. వారు వదలి వచ్చిన నేలపైనే ఓరుగల్లు కోట ఉన్నది. శిథిలమైన స్వయంభూ దేవాలయం చుట్టూ నాలుగు శిలాతోరణాలు నేటికీ నిలిచి ఉన్నాయి. సెలవులకు సొంత ఊరు వెళ్ళే తల్లిదండ్రులు పిల్లలకు ఒక్కసారి వాటిని చూపితే మంచిది.

డెబ్బది అయిదుగురు నాయకులు కలిసి ఉన్నంత కాలం ఓరుగల్లు నిలిచింది. డెబ్బది అయిదు ఏండ్లు నిండిన పాఠశాలకు ఆ సంఖ్య ఒక హెచ్చరిక, ఒక ఆశీస్సు. పరభాషల నడుమ, ఇరుకు గదుల నడుమ ఒక తెలుగు బడి ఇన్నేండ్లు నిలిచినదంటే, ఎవరి ఊళ్ళకు వారు పోక పదిమంది కలిసి ఉన్నందువల్లనే.