హైదరాబాదు దేవిడీలు: నాడు - నేడు

"దేవిడీ మన్నా" అనే మాట తెలుగువారందరికీ తెలిసినదే. కొలువు నుండి తీసివేసిన నౌకరును గురించి గాని, ఇంటి గడప తొక్కవద్దన్న చుట్టమును గురించి గాని "వాడికి దేవిడీ మన్నా అయ్యింది" అని చెప్పుకుంటారు. దేవిడీ అంటే ముఖద్వారం, గడప. మనా అంటే వద్దని చెప్పడం. రాను రాను గడపకున్న పేరే ఇంటికంతటికీ వచ్చి, హైదరాబాదు అమీరుల భవనాలను దేవిడీలని పిలవసాగారు. ఒకప్పుడు మనబోటివారికి ఆ గడప దాటడం మనా. ఈనాడు గడపలున్నాయి గాని, ఆపేవారు లేరు, లోపల పిలిచేవారూ లేరు. ఈ దేవిడీల కథను మాకు తెలిసినంతవరకు పాఠకుల ముందుంచుతున్నాము.

కొన్నేళ్ళ క్రిందట మా బడి పిల్లలను వెంటబెట్టుకొని హుసైనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీకి వెళ్ళాము. చార్మినారు నుండి నడిచిపోయే దూరమే. ముందున్న మైదానంలో గల్లీ పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. వారి వెనుక యూరపు పద్ధతిలో కట్టిన ఎత్తయిన స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. పై అంతస్తు దూలాలు చాలావరకు కూలిపోయినవి. గోడల పగుళ్ళలో రావిమొక్కలు మొలిచాయి. మా పిల్లల్లో ఒకడు "సార్, ఇది ఎవరి ఇల్లు?" అని అడిగాడు. ఆవరణలోనే కాపురముంటున్న ఒక ముసలాయన "అందరిదీ బాబూ, ఎవరిదీ కాదు" అన్నాడు. పాఠం చెప్పాలని వెళ్ళిన మేమే ఆ మాట నేర్చుకొని వచ్చాము.

నవాబ్ సర్ ఖుర్షీద్ జా బహదూర్ పాయెగా వంశస్థుడు. నిజాం ప్రభువుల తరువాత ఈ రాజ్యంలో అంతటి హోదా గల వంశం అదే. వీరి పూర్వీకులకు షమ్సుల్ ఉమరా అనే బిరుదు ఉండెను. అసఫ్‌జాహీ ఆడపడుచులను చేసుకోగలిగిన ఇల్లు అది. ఖుర్షీద్ జా గారు కూడా అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తెను పెండ్లాడినారు. పాయెగాలోని మూడు శాఖలలో ఆయనది ఒకటి. మిగిలిన రెండింటిలో ఆస్మాన్ జా గారు, వికారుల్ ఉమరా గారు ఒకరి తరువాత ఒకరు దివానులైనారు. ఆస్మాన్ జా గారి బషీర్ బాగ్ ప్యాలెస్ ఈనాడు లేదు. ఆ పేటకు పేరు మాత్రం మిగిలింది. రోజూ బషీర్‌బాగ్‌లో బస్సు దిగే వేలమందిలో అది ఒక భవనం పేరని తెలిసినవారు ఎందరు?

దేవిడీ అంటే ఒక ఇల్లు అనుకోరాదు. అదొక చిన్న ఊరు. పెద్ద కమాను మీద నౌబత్‌ఖానా, దాని లోపల ఏనుగులు, గుర్రాలు, పల్లకీలు ఆగేందుకు జిలూఖానా అనే విశాలమైన ముంగిలి. దాని తరువాత మగవారి కొలువుకు దివాన్‌ఖానా, నడుమ హౌజు. వెనుక ఎత్తైన గోడల మధ్య జనానా. ఇవిగాక బట్టలకు తోషాఖానా, వంటకు బావర్చీఖానా, కాగితాలకు దఫ్తరు. చోబుదార్లు, మున్షీలు, మామాలు, దాయీలు, అరబ్బు కావలివాళ్ళు, తోటమాలులు, భిస్తీలు అందరూ దాని మీదనే బ్రతికేవారు. పండుగకు ఈద్ జోడా, మొహర్రంకు షర్బతు అక్కడినుండే అందేవి. గోడలు గానుగలో నూరిన డంగుసున్నంతో కట్టినవి. గచ్చు నునుపు తేలడానికి బెల్లపునీళ్ళు, కోడిగ్రుడ్డు సొన కూడా కలిపేవారు. ఇలాంటి గోడ మీద ఈనాడు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ లోలోపలే గుల్లవుతుంది. బాగుచేశామనుకొని పాడుచేసిన భవనాలూ ఉన్నాయి.

దేవిడీలు ముస్లిము అమీరులవి మాత్రమే కావు. చార్మినారు దగ్గర మాల్వాలా వారి భవనం ఉండెను. కాయస్థులైన ఆ కుటుంబంవారు తరతరాలుగా నిజాం రాజ్యపు భూమి లెక్కలు చూసినవారు. చెక్కపని అందంలో దానికి సాటి వచ్చే ఇల్లు పాతబస్తీలో తక్కువ. 2000 ప్రాంతంలో అది కూలగొట్టబడి దుకాణాల సముదాయానికి చోటు ఇచ్చినది. షాలిబండ వైపు మహారాజా కిషన్ పర్షాద్ గారి దేవిడీ ఉండెను. ఆయన ప్రధానమంత్రి, "షాద్" అనే తఖల్లుస్‌తో ఉర్దూ కవి. ఈ ఇండ్లలో దీపావళికీ, ఈదుకూ అతిథులు వాళ్ళే, అత్తరుదానీ అదే. ఆ సహవాసం మాత్రం కల్పన కాదు.

ఇంతటి ఇండ్లు ఎట్లా పోయాయి? ఒక్క రోజులో పోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకున్నది. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది, రోడ్లు వెడల్పయినాయి. కలిగినవారు క్రమంగా నది దాటి ఉత్తరాన బంగళాలు కట్టుకోసాగారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారే పురానీ హవేలీని, చౌమహల్లాను విడిచి కింగ్ కోఠీలో కాపురముండి, 1967 ఫిబ్రవరి 24న అక్కడే కన్నుమూసినారు.

అసలు దెబ్బ 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత తగిలింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చినది. దేవిడీకి నూనె పోసేది జాగీరు. జాగీరు పోగానే దీపం కొండెక్కింది. వారసులు పెరిగారు, వాటాలు పెరిగాయి, కోర్టు వాయిదాలు పెరిగాయి. పైకప్పు కారుతుంటే బాగుచేయవలసింది ఎవరనే తగాదా తేలేలోపల పైకప్పే కూలింది. తలుపులు, దూలాలు టేకువని పాతసామానుల వర్తకులు కొనుక్కుపోయారు. హండీలు, ఝుమ్మర్లు ఎక్కడెక్కడికో చేరాయి.

సాలార్‌జంగుల దివాన్ దేవిడీ సంగతి చూడండి. అందులో అద్దాలతో ఆయీనాఖానా, పింగాణీతో గోడలు తాపిన చీనీఖానా ఉండేవి. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ గారు పెండ్లి లేకుండానే 1949 మార్చి 2న గతించినారు. ఆయన పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న అదే దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ గారు మ్యూజియం తెరిచినారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కొత్త భవనంలోకి మారింది. వస్తువులు బ్రతికాయి, ఇల్లు చచ్చింది. ఈనాడు దివాన్ దేవిడీ అంటే గుడ్డల బజారు. పాత కమాను క్రింది నుండి పెండ్లిబట్టలకు పోయే జనం తలెత్తి చూడరు.

అన్నీ ఇట్లాగే పోలేదు. వికారుల్ ఉమరా గారు 1884లో మొదలుపెట్టి కొండమీద కట్టించిన ఫలక్‌నుమా ఆరవ నిజాం చేతికి వచ్చి, దశాబ్దాల తరబడి తాళం పడి ఉండి, 2010లో హోటలుగా తెరుచుకున్నది. నూటొక్కమంది కూర్చునే దాని భోజనపు బల్ల చెక్కుచెదరలేదు. కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన కోఠీ రెసిడెన్సీలో 1949 నుండి ఆడపిల్లల కాలేజీ నడిచింది. ఈమధ్య సంవత్సరాల్లో దాన్ని చక్కగా బాగుచేశారు. ఫఖ్రుల్ ముల్క్ గారి ఇర్రం మంజిల్‌ను పడగొట్టి శాసనసభ కట్టాలన్న తీర్మానాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. కోర్టుకు పోయింది మామూలు పౌరులే. గొంతెత్తితే గోడ నిలబడుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక మా ఇంటి మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. మా అమ్మీ తండ్రిగారు, మా నానా, పదిహేడేళ్ళ వయస్సులో ఒక దేవిడీ తోషాఖానాలో బట్టలు లెక్కచూసే పనికి కుదిరినారు. 1949 తరువాత ఆ పని పోయింది, సైకిళ్ళు రిపేరు చేసుకొని బ్రతికినారు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టెలో ఒక కాగితం దొరికింది. షికస్తా వ్రాత, మధ్యమధ్య ఫార్సీ. ఉర్దూ చెప్పి జీతం తీసుకునే మాకే అందులో సగం చదువరాలేదు. సిగ్గుపడి, పాత దఫ్తర్లలో పనిచేసిన ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోయినాము. ఆయన అద్దాలు తుడుచుకొని చదివారు. నానా తోషాఖానా తాళాలు సరిగ్గా అప్పగించినారనీ, ఆయనకు మూడు నెలల జీతం బాకీ ఉన్నదనీ దాని సారాంశం. ఆ బాకీ ఎన్నడూ అందలేదని అమ్మీ చెప్పింది.

కాబట్టి మేము దేవిడీలను తలచుకొని కన్నీళ్ళు కార్చమనడం లేదు. ఆ షాండిలియర్ల వెలుగు వెనుక జాగీరు రైతుల చెమట ఉన్నది, జీతం అందని నౌకర్ల ఆకలి ఉన్నది. రద్దు కావలసిన పద్ధతి రద్దయినది. అయితే ఇల్లు కట్టిన చేయి కూడా ఆ రైతు కొడుకుదే, ఆ మేస్త్రీదే. గోడ కూలితే నవాబుగారి పేరు పుస్తకాల్లో ఉంటుంది. మేస్త్రీ గుర్తు మాత్రం గోడతోపాటే పోతుంది.

ఆఖరుకు మా మనవి ఒక్కటే. భవనాలు నిలబెట్టడం ప్రభుత్వంవల్ల కావలసిన పని, మనవంటివారి చేతిలో లేదు. కాగితాలు నిలబెట్టడం మన చేతిలో ఉన్నది. పాత సనదులు, అద్దె చీటీలు, నికానామాలు, ముంతఖబ్‌లు ఇంట్లో ఉంటే కబాడీవాడికి తూకానికి వేయకండి. తార్నాకలో రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారం ఉన్నది. ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని చదవగలిగిన కండ్లే తగ్గిపోతున్నాయి. మన పిల్లల్లో ఏటా ఇద్దరు ముగ్గురైనా షికస్తా నేర్చుకుంటే, గోడలు చెప్పలేనిది కాగితాలు చెప్తాయి. మేము ఆ పెద్దమనిషి దగ్గర ఆదివారాలు మొదలుపెట్టినాము. నలభై దాటిన విద్యార్థిమి మేమొక్కరమే. మీ పిల్లలను కూడా పంపించండి.