కోడికి మన జలుబు

జలుబు చేసిన పిల్లాణ్ణి పక్కింటి పిల్లలతో ఆడుకోనివ్వం. కోళ్ళగూడు దగ్గరికి పోవద్దని మాత్రం ఎవరమూ చెప్పం. కోడి నుంచి మనకేదో అంటుకుంటుందని భయపడడమే మనకు అలవాటు. ఆ భయమూ ఊరికే పుట్టింది కాదులెండి. కోళ్ళను ఊడ్చిపెట్టేస్తున్న ఒక తెగులు గురించి 1878లో ఇటలీ పండితుడు పెరోంచితో రాశాడు. అది ఇన్‌ఫ్లుయెంజా జాతిదేనని తేలడానికి 1955 దాకా పట్టింది. 1997లో హాంకాంగులో 18 మందికి సోకి ఆరుగురు పోయారు.

నేను చెప్పబోయేది దీన్ని తిరగేసిన కథ.

2009 గుర్తుందా? స్వైన్ ఫ్లూ అంటూ మూతులకు గుడ్డలు కట్టుకుని తిరిగిన ఏడాది. మన దేశంలో మొదటి కేసు మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. ఆగస్టులో, అంటే అక్కడ చలికాలం, చిలీ దేశంలోని వాల్పరైసో ప్రాంతంలో టర్కీ కోళ్ళ ఫారాలవాళ్ళకు ఓ వింత ఎదురైంది. పెట్టలు చావడం లేదు. గుడ్లు మాత్రం తగ్గిపోయాయి, పెట్టినవాటికీ పెంకు సరిగా లేదు. అట్టు వేసుకునే గుడ్లయితే పోనీ అనుకోవచ్చు. ఇవి పిల్లల్ని పొదిగించడానికి ఉంచిన గుడ్లాయె! పరీక్ష చేయిస్తే, అప్పుడు మనుషుల్లో తిరుగుతున్న వైరస్సే దొరికింది.

పనివాళ్ళు తుమ్మితే సోకిందేమో అనుకుంటాం కదా. 2010లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు టర్కీల ముక్కుల్లో ఆ వైరస్సు వేసి చూశారు. అంటలేదు. గుడ్డు వచ్చే దారిలో వేస్తే అంటుకుంది!

దాని వెనక సంగతి ఇదండీ. రొమ్ము మాంసం ఎక్కువ కావాలని ఈ జాతిని తరతరాలుగా ఎంచి ఎంచి పెంచారు. పుంజు ఎంత బరువెక్కిందంటే, పెట్టతో కలవడమే దానికి చేతకాదు. అందుకని మన ఆవులకు పశువుల ఆస్పత్రిలో సూది వేయించినట్టు, మనిషే ఒక్కొక్క పెట్టనూ పట్టుకుని ఆ పని చేయాలి. జలుబు మనిషి చెయ్యి చేరింది సరిగ్గా ఆ చోటికే. చిలీలో ఇదే జరిగిందని చూసి చెప్పినవారు లేరుగాని, నాకైతే ఇదే సబబుగా తోస్తుంది. తినేవాళ్ళ ముచ్చట కోసం పెట్ట ఎన్ని పడాలో చూడండి!

ఆ అక్టోబరులో కెనడాలోని అంటారియోలోనూ ఇలాగే గుడ్లు తగ్గాయి.

2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ళను చంపి గోతుల్లో పూడ్చారు. చిలీ పెట్టలకు ఆ గతి పట్టలేదు. వాటిని విడిగా ఉంచి కనిపెట్టుకున్నారు, అవి కోలుకున్నాయి.