దంతోద్గమకాలమున శిశువుల యాహారము

శిశువునకు తొలిదంతము పొడసూపుట మన యిండ్లలో పండుగయు, పరీక్షయు గూడ. పై పండ్లు ముందుగా వచ్చినచో మేనమామకు గండమని పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. ఈ శంక నేటిది కాదు. కాశ్యపసంహితలో దంతజన్మమును గూర్చిన యధ్యాయమున పైదంతములు తొలుత మొలచుట యశుభములలో గణింపబడినది. నేపాళమున లభించిన తాళపత్రప్రతి నాధారముగా గొని 1938లో ముద్రింపబడిన యీ గ్రంథము బాలవైద్యమునకే ప్రత్యేకింపబడినది. శకునముల మాట యటుండనిండు. ఆహారవిషయమున పూర్వులు చెప్పినదేమి, అందు నేటికి నిలిచినదెంత యని విచారింతము.

అన్నప్రాశనమునకు గృహ్యసూత్రకారులు ఆఱవ మాసమును విధించిరి. సుశ్రుతుడును ఆ నెలయందే లఘువును, హితమును నగు నన్నము పెట్టుమనెను. కాశ్యపుడు ఆఱవనెలలో పండ్లను మాత్రమే యంగీకరించి, ధాన్యాహారమును దంతములు వచ్చిన పిమ్మటనో, పదియవ నెలలోనో పెట్టుమనెను. 2001లో ప్రపంచారోగ్యసంస్థ ఆఱునెలలు నిండువఱకు తల్లిపాలే చాలునని తీర్మానించుటచే సూత్రకారుల లెక్కయే నిలిచినది. పదినెలలవఱకు ధాన్యమును నిలుపుట మాత్రము తగదు. ఆఱునెలలు దాటిన బిడ్డకు తల్లిపాలలోని యినుము చాలదు; మెత్తని ముద్దను నలుపుటకు చిగుళ్ళే చాలును, దంతములతో పనిలేదు.

ఇక వాగ్భటుని మాట. దంతోద్భేదము సర్వరోగములకును కారణమని అష్టాంగహృదయమున జెప్పిన యాయనయే, పండ్లు వచ్చినంతట ఆ బాధలు తమంత శమించును గావున బిడ్డను అతిగా నిర్బంధింపరాదనియు జెప్పెను. లోకము రెండవమాటను మఱచి మొదటిమాటను పట్టుకొన్నది. బిడ్డకు నీళ్ళవిరేచనములగుచుండగా, ఒడలు కాలిపోవుచుండగా, "పళ్ళు వస్తున్నవిలే" యని యూరకుండిన యిండ్లెన్ని! దంతము వలన చొంగ కారును, చిగురు నొచ్చును, నిద్ర చెడును. అంతకు మించిన జ్వరమునకు కారణము వేఱుగా నుండును. ఆ వయస్సుననే బిడ్డ ప్రాకుచు, నేలపై దొరకినదెల్ల నోట బెట్టుకొనును గదా.

ఈ భ్రమ మన దేశమునకే పరిమితము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండునందు మరణముల పట్టికలలో "దంతోద్గమము" ఒక కారణముగా వ్రాయబడుచుండెను. అచట చిగుళ్ళనొప్పికి అమ్మిన చూర్ణములలో పాదరసము కలిసియుండెను. వానివలన బిడ్డల చేతులు, పాదములు ఎఱ్ఱబాఱి, తోలూడి, కొందఱు మరణించిరి. 1948లో అమెరికా వైద్యులు అట్టి బిడ్డల మూత్రమున పాదరసమును కనుగొన్నట్లు ప్రకటించిరి. 1954 ప్రాంతమున ఆ చూర్ణములనుండి పాదరసము తొలగింపబడగా, ఆ వ్యాధియు దాదాపు మాయమైనది. అమెరికాలో 1849 మొదలు అమ్మిన యొక పానకమున నల్లమందు సారమే యుండెను. మన బొంబాయి మిల్లులలో పనిచేయు తల్లులు 1920 ప్రాంతమున బిడ్డలకిచ్చిన బాలగోళీలలోను నల్లమందే కలదు.

పాలు మానుచున్న శిశువునకు వాగ్భటుడు చెప్పిన చిరుతిండి యొకటి కలదు: సారపప్పు, అతిమధురము, పేలాలు, కలకండ, తేనె కలిపి చేసిన యుండ. ఇందు తేనెను గూర్చి పెద్దలు శ్రద్ధగా వినవలయును. తేనెలో కంటికి కనబడని యొక సూక్ష్మజీవి బీజములుండవచ్చును. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో అవి మొలచి విషము పుట్టించి, ఒడలి కండరములను సడలజేయును. ఈ వ్యాధి 1976లో కాలిఫోర్నియాలో గుర్తింపబడినది. తేనెను కాచినను ఆ బీజములు చావవు. కాన పురిటిబిడ్డ నాలుకపై తేనె నాకించు నాచారమును మానుట మేలు. శాస్త్రకారులకు తెలియని సంగతి మనకు తెలిసినది, అంతియే.

మన యిండ్లలో తగిన వస్తువులు లేకపోలేదు. రాగులను నానబెట్టి, మొలకగట్టి, ఎండబెట్టి, దోరగా వేచి విసరిన పిండితో కాచిన జావ మిక్కిలి యుత్తమము. మొలకలో బుట్టు పదార్థము పిండిని పలుచన జేయుటచే, ఎక్కువ పిండి వేసినను జావ గట్టిపడదు. చిన్న కడుపునకు ఎక్కువ బలము చేరును. ఏడాదిలోపల అందు ఉప్పుగాని బెల్లముగాని వేయనక్కఱలేదు. మెత్తని యిడ్డెన, బాగుగా ఉడికిన చిలగడదుంప, పండిన యరటిపండు, పప్పుతో మెదిపిన యన్నము మంచివి. రెండు వ్రేళ్ళ నడుమ నొక్కినంతట నలిగినదే బిడ్డకు దగినది.

జంతికముక్కయో, చెక్కయో చేతికిచ్చి కొఱుకుమనుట మన ముసలమ్మల వాడుక. ముందు పండ్లు వచ్చిన బిడ్డ దానిని విఱువగలడు, నమలలేడు. నమలు దవడపండ్లు ఏడాది దాటిన పిమ్మటగాని రావు. విఱిగిన ముక్క శ్వాసనాళమున జిక్కుట అట్లే జరుగును. వేయించిన సెనగలు, వేరుసెనగ పలుకులు ఐదేండ్లవఱకు గింజలుగా నీయరాదు. వేరుసెనగ అమెరికాఖండమునుండి వచ్చినదగుటచే ప్రాచీన వైద్యగ్రంథములలో దాని ప్రసక్తియే లేదు. గింజలను మెత్తగా నూఱి జావలో కలిపినచో బాధ లేదు. చిగురు దురదకు చన్నీట తడిపిన శుభ్రమైన గుడ్డపీలికను చేతబట్టి నమలనిచ్చుట చాలును. ఏది పెట్టినను బిడ్డను కూర్చుండబెట్టియే పెట్టవలెను. తినుట ముగియువఱకు పెద్దవారొకరు కదలక ప్రక్కనుండవలెను.